ఎన్ని గోళ్లకు వచ్చింది? పెంపుడు కుక్కల గోటి జబ్బులపై ప్రసంగం

సభకు విచ్చేసిన పెద్దలకు, కుక్కలను ఇంటి మనుషులతో సమానంగా చూసుకుంటున్న మిత్రులకు నమస్కారం.

ఈ రోజు నన్ను మాట్లాడమని కోరిన విషయం కుక్కల గోళ్లు. టీకాల గురించి, తిండి గురించి, పిడుదుల గురించి అడిగినంతగా గోళ్ల గురించి ఎవరూ అడగరు. ఆసుపత్రికి వచ్చినవారు అన్నీ అయిపోయి లేవబోతూ, "అన్నట్టు డాక్టరుగారూ, దీని గోరొకటి ఊడింది, మళ్లీ వస్తుంది కదండీ?" అని అడుగుతారు. చాలాసార్లు వస్తుంది. కొన్నిసార్లు మాత్రం ఆ ఒక్క గోటి వెనక నెలల తరబడి వైద్యం చేయవలసిన జబ్బు ఉంటుంది. అరుదుగానైనా క్యాన్సర్ ఉంటుంది. ఏది ఏదో తేల్చుకోవడానికి పశువైద్యుడు మొదట వేసుకునే ప్రశ్న చాలా చిన్నది. ఎన్ని గోళ్లకు వచ్చింది? ఒక్క గోటికి వచ్చిందంటే కారణం ఆ వేలిలోనే వెతుకుతాం. నాలుగు పాదాల్లోనూ పలు గోళ్లకు వచ్చిందంటే కారణం ఒంట్లో వెతుకుతాం. నేను చెప్పబోయేదంతా ఈ తేడాను పట్టుకునే నడుస్తుంది.

ముందుగా గోటి నిర్మాణం గురించి కొంత చెప్పాలి. కుక్కకు సాధారణంగా 18 గోళ్లు ఉంటాయి: ముందు కాళ్లకు ఐదేసి, వెనక కాళ్లకు నాలుగేసి. ముందు కాలి లోపలి వైపు, కాస్త పైన, నేలకు అందకుండా ఉండే ఐదో గోరును డ్యూ క్లా అంటారు. కొన్ని కుక్కలకు వెనక కాళ్లకు కూడా ఇది ఉంటుంది. గ్రేట్ పిరనీస్, బ్రియార్డ్ వంటి జాతుల్లో వెనక కాలికి రెండేసి ఉండడం జాతి లక్షణం. మన గోరు వేలి కొస మీద పలకలాగా పరుచుకుని ఉంటే, కుక్క గోరు వేలి చివరి ఎముకను కత్తిని ఒర కప్పినట్టు కప్పి ఉంటుంది. ఆ ఎముకకూ పైనున్న గట్టి గోటికీ మధ్య రక్తనాళాలతో, నరాలతో నిండిన మెత్తని పొర ఒకటి ఉంటుంది. దాన్నే మనం గోటి చిగురు అంటాం. గోరు చీలితే కుక్క అంతగా కేకలు పెట్టడానికి కారణం ఈ చిగురే. గోటి మొదట చేరిన చీము కొద్ది రోజుల్లోనే ఎముకదాకా పోగలగడానికి కారణం కూడా వీటి మధ్య దూరం అంత తక్కువగా ఉండడమే.

గోరు వారానికి సుమారు ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల వరకు పెరుగుతుంది. మట్టి నేల మీద, తారు రోడ్డు మీద రోజూ తిరిగే కుక్కకు పెరిగినంత మేరా అరిగిపోతుంది. కొల్లేరు చుట్టుపక్కల ఊళ్లలో ఆరుబయట తిరుగుతూ, నేల తవ్వుతూ పెరిగే జోనంగి కుక్కకు గోళ్లు కత్తిరించవలసిన అవసరం సాధారణంగా రాదు. అపార్టుమెంటులో పాలరాతి గచ్చు మీద బతుకుతూ, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి మూత్రానికి మాత్రం కిందికి దిగే షిట్జూకు ఆ అరుగుదల ఎక్కడిది? పొడవు పెరిగిన గోరు నేలకు తగిలినప్పుడల్లా వేలిని పైకి నెడుతుంది. ఆ ఒత్తిడి తప్పించుకోవడానికి కుక్క పాదం మోపే తీరు మార్చుకుంటుంది, వేళ్లు విడివడతాయి, నున్నటి గచ్చు మీద పట్టు తప్పుతుంది. కీళ్లనొప్పులున్న ముసలి కుక్కకు ఇది మరింత బాధ. "వయసైపోయింది, లేవలేకపోతోంది" అని తీసుకువచ్చిన కుక్కల్లో కొన్నింటికి గోళ్లు కత్తిరించడంతోనే నడకలో స్పష్టమైన మార్పు రావడం చూశాను. కుక్క గచ్చు మీద నిటారుగా నిలబడినప్పుడు గోటికీ నేలకూ మధ్య ఒక కాగితం దూరాలి. నడుస్తుంటే టకటకమని చప్పుడు వినిపిస్తోందంటే గోళ్లు పెరిగాయని అర్థం.

డ్యూ క్లా నేలకు తగలదు కాబట్టి ఎంత తిరిగే కుక్కకైనా అది అరగదు. వంపు తిరుగుతూ పెరిగి చివరకు చర్మంలోనే గుచ్చుకుపోతుంది. జుట్టు దట్టంగా ఉన్న కుక్కల్లో ఇది కంటికి కనబడదు. వేసవిలో జుట్టు తీయించినప్పుడు గోరు కండలో దిగి, చుట్టూ చీము పట్టి బయటపడుతుంది. ఈ బాధ ఎందుకని పిల్లగా ఉన్నప్పుడే డ్యూ క్లా తీయించేయమని అడిగేవారున్నారు. వెనక కాలికి ఎముక పట్టు లేకుండా వేలాడుతూ మాటిమాటికీ దెబ్బతినే గోరు సంగతి వేరు గానీ, ముందు కాలి డ్యూ క్లాను కారణం లేకుండా తీయించడాన్ని నేను సమర్థించను. దానికి ఎముక ఉంది, కదిలించే స్నాయువులు ఉన్నాయి. పరుగులో మలుపు తిరిగేటప్పుడు, ఎముకను పట్టుకుని నమిలేటప్పుడు కుక్క దాన్ని వాడుకుంటుంది. నెలకొకసారి కత్తిరిస్తే సరిపోయేదానికి శస్త్రచికిత్స దేనికి?

కత్తిరించే విషయానికి వస్తే, తెల్ల గోళ్లలో చిగురు గులాబీ రంగులో బయటికే కనిపిస్తుంది కాబట్టి దానికి రెండు మిల్లీమీటర్ల ఇవతల ఆపితే చాలు. నల్ల గోళ్లతోనే చిక్కు. అక్కడ ఒకేసారి పెద్ద ముక్క తీయకుండా పలుచని పొరలుగా కోస్తూ, కోసిన ప్రతిసారీ గోటి ముఖం చూడాలి. మొదట అది పొడిగా, సుద్దలాగా కనిపిస్తుంది. మధ్యలో కాస్త తేమగా, ముదురు రంగులో ఒక చుక్క కనిపించగానే ఆపేయాలి. దాని వెనకే చిగురు ఉంది. బాగా పెరిగిపోయిన గోళ్లలో చిగురు కూడా ముందుకు సాగి ఉంటుంది కాబట్టి ఒక్కరోజులో పొట్టి చేయాలని చూడకండి. వారం, పది రోజులకొకసారి కొద్దికొద్దిగా తీస్తూపోతే చిగురు తనంతట తానే వెనక్కి తగ్గుతుంది. పొరపాటున రక్తం వస్తే భయపడనక్కరలేదు. పటిక పొడి అద్దండి, అది లేకపోతే మొక్కజొన్న పిండి అద్ది, శుభ్రమైన గుడ్డతో ఐదు నిమిషాలు వదలకుండా ఒత్తిపట్టండి. మధ్యమధ్య తీసి చూస్తుంటే గడ్డకట్టినది కాస్తా ఊడిపోతుంది.

అలా ఒత్తిపట్టినా రక్తం ఆగడం లేదంటే దాన్ని గోటి సమస్యగా చూడకూడదు. మన ప్రాంతంలో పిడుదుల ద్వారా వచ్చే ఎర్లికియా జ్వరం సాధారణం. అందులో రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు పడిపోతాయి. పైకి ఆరోగ్యంగా కనిపించే కుక్కలో ఆ సంగతి చిన్న గోటి గాయం దగ్గర బయటపడవచ్చు. అటువంటప్పుడు వెంటనే రక్తపరీక్ష చేయించాలి.

ఇక ఒక్క గోటికి వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం దెబ్బలే. గోరు తివాచీ పోగుల్లోనో గ్రిల్ సందులోనో ఇరుక్కుంటుంది, కుక్క లాగుతుంది, గోరు మొదటికంటా చీలుతుంది. దీపావళి రోజుల్లో బాణసంచా చప్పుళ్లకు బెదిరి తలుపులు, గేట్లు గీరి గోళ్లు విరగ్గొట్టుకున్న కుక్కలు మా దగ్గరకు వరసగా వస్తాయి. సగం ఊడి వేలాడుతున్న గోరు కదిలినప్పుడల్లా చిగురును కెలుకుతుంది కాబట్టి దాన్ని అలాగే అంటిపెట్టి కట్టు కట్టడం వల్ల ప్రయోజనం లేదు; మత్తు ఇచ్చి ఆ ముక్కను పూర్తిగా తొలగించడమే కుక్కకు సుఖం. ఇంట్లో మీరు లాగకండి. ప్రాణంగా పెంచుకున్న కుక్కయినా ఆ నొప్పికి కరుస్తుంది. శుభ్రమైన గుడ్డ చుట్టి, నాకకుండా మెడకు కోన్ వేసి తీసుకురండి. చిగురు చెడిపోకపోతే గోరు మళ్లీ పెరుగుతుంది. మొదలు నుంచి కొసదాకా రావడానికి పెద్ద జాతుల్లో నాలుగైదు నెలలు, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది.

దెబ్బ తగిలిన దాఖలా లేకుండా ఒకే వేలు వాచి, గోరు పక్కకు ఒరిగి, దాని మొదలు దగ్గర చీమూ రసీ కారుతూ, యాంటీబయాటిక్ వాడినన్నాళ్లు తగ్గి, ఆపగానే తిరగబెట్టే స్థితి ఒకటి ఉంది. దాన్ని అందరూ గోరుచుట్టు అనుకుంటారు. చిన్న వయసు కుక్కలో అది గోరుచుట్టే కావచ్చు, లోపల ముల్లు విరిగి ఉండవచ్చు, శిలీంధ్రం పట్టి ఉండవచ్చు. ఎనిమిదేళ్లు దాటిన కుక్కలో అయితే ఆ వేలికి ఎక్స్‌రే తీయకుండా రెండోసారి యాంటీబయాటిక్ రాయకూడదని నా గట్టి అభిప్రాయం. గోటి కింది చర్మకణాల్లో పుట్టే స్క్వామస్ సెల్ కార్సినోమా కుక్కల వేళ్లకు వచ్చే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది. నల్ల లాబ్రడార్, రాట్‌వైలర్, జెయంట్ ష్నాజర్, నల్ల స్టాండర్డ్ పూడిల్ వంటి, నల్లని బొచ్చున్న పెద్ద జాతుల్లో ఇది మరీ ఎక్కువ. వీటిలో ఒక వేలికి వచ్చిన కొంతకాలానికి మరో వేలికి విడిగా పుట్టడం కూడా ఉంది. చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే మెలనోమా అనే క్యాన్సర్ దీనికంటే ప్రమాదకరం. అది లింఫు గ్రంథులకు, ఊపిరితిత్తులకు త్వరగా పాకుతుంది.

ఎక్స్‌రేలో వేలి చివరి ఎముక కరిగిపోయినట్టు కనిపించినా అది క్యాన్సరో, ఎముకకు పట్టిన చీమో ఆ చిత్రం ఒక్కటే తేల్చదు. రెండూ ఎముకను తినేస్తాయి. అందుకే బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి చేసే పరీక్ష, అడుగుతాం. వేలు తొలగించవలసి వచ్చినా ఆ వేలిని తప్పక పరీక్షకు పంపమంటాం. శస్త్రచికిత్సకు వేలకు వేలు ఖర్చు పెట్టినవారు కూడా చివరి ఆ పరీక్ష దగ్గర మిగుల్చుకోవాలని చూస్తారు. ఇకమీదట ఏం చేయాలో చెప్పేది ఆ పరీక్షే కాబట్టి అక్కడ పొదుపు పనికిరాదు. వేలు తీసేస్తే కుక్క నడవదేమోనన్న భయం సహజం. కట్టు విప్పిన కొద్ది వారాలకు చాలా కుక్కలు ఏ వేలు లేదో వెతికితే తప్ప తెలియనంత మామూలుగా తిరుగుతాయి. అమెరికాలో వేళ్ల మీద గడ్డలున్న 117 కుక్కల వివరాలతో 1995లో వెలువడిన అధ్యయనంలో, గోటి కింద పుట్టిన స్క్వామస్ సెల్ కార్సినోమాకు వేలు తొలగించిన కుక్కల్లో నూటికి 95 ఏడాది దాటి బతికాయి. అదే క్యాన్సర్ వేలిలో మరో చోట పుట్టినప్పుడు ఆ సంఖ్య 60 మాత్రమే. అంటే గోటి కింద పుట్టినదాన్ని సకాలంలో పట్టుకుంటే కుక్క దక్కే అవకాశం చాలా ఎక్కువ. నెలల తరబడి పసుపు అద్దుతూ కూర్చుంటే ఆ అవకాశాన్ని మనమే పోగొట్టుకున్నవాళ్లమవుతాం.

ఇప్పుడు పలు గోళ్లకు ఒకేసారి వచ్చే జబ్బులు. వీటిలో మనం రోజూ చూసేది అలర్జీ. దుమ్ములోని సూక్ష్మకీటకాలు, పుప్పొడి, కొన్నిసార్లు తిండిలోని మాంసకృత్తులు పడని కుక్క పాదాలను ఆపకుండా నాకుతుంది. వానాకాలంలో తడి ఆరని వేళ్ల సందుల్లో మలసీజియా అనే ఈస్టు పెరిగి గోటి మొదట ఎర్రటి గోధుమరంగు పట్టీ ఏర్పడుతుంది, పాదం పులిసిన వాసన వేస్తుంది. క్లోర్‌హెక్సిడిన్, మైకోనజోల్ కలిసిన ద్రావణంతో కడిగి సందులు పొడిగా తుడిస్తే ఈస్టు తగ్గుతుంది, అలర్జీ మాత్రం తగ్గదు; దానికి విడిగా చికిత్స సాగాలి. దురద కదా అని నేరుగా స్టెరాయిడ్ సూది వేయించుకోవడంలో ఒక ప్రమాదం ఉంది. చర్మంలో డెమోడెక్స్ పురుగు ఉన్న కుక్కకు స్టెరాయిడ్ ఇస్తే పాదాలు వాచి, కురుపులెక్కి జబ్బు పదింతలవుతుంది. చర్మాన్ని లోతుగా గీకి సూక్ష్మదర్శినిలో చూస్తే నిమిషాల్లో తేలిపోయే విషయం అది. ఒకప్పుడు అమిట్రాజ్ ద్రావణంలో వారాల తరబడి ముంచితీసేవాళ్లం; ఇప్పుడు ఫ్లురలానర్, ఎఫాక్సోలానర్ వంటి బిళ్లలతో వైద్యం ఎంతో తేలికైంది.

తడి మట్టిలో, శుభ్రం చేయని దొడ్లలో గుంపుగా ఉంచే కుక్కలకు కొంకిపురుగుల పిల్లలు పాదాల చర్మంలోంచి లోపలికి దూరి, అరికాలి మెత్తలు మెత్తబడి, గోళ్లు వంకరగా పెరుగుతాయి. పురుగుల మందుతో పాటు నేల ఆరబెట్టడం కూడా ఇక్కడ వైద్యమే.

నేను ఎక్కువ సేపు మాట్లాడదలచుకున్న జబ్బు మరొకటుంది. దాని పేరు సిమెట్రిక్ లూపాయిడ్ ఆనికోడిస్ట్రఫీ. పేరు పెద్దదని జంకకండి. విషయమేమిటంటే, రోగనిరోధక శక్తి దారితప్పి సొంత గోటి చిగురు మీదనే దాడి చేస్తుంది. సాధారణంగా మూడు నుంచి ఎనిమిదేళ్ల మధ్య వయసులో, మిగతా అన్ని విధాలా ఆరోగ్యంగా ఉన్న కుక్కలో ఇది మొదలవుతుంది. జర్మన్ షెపర్డ్, రాట్‌వైలర్, గోర్డన్ సెట్టర్ జాతుల్లో ఎక్కువ. గోర్డన్ సెట్టర్లు, జెయంట్ ష్నాజర్ల మీద నార్డిక్ దేశాల్లో జరిగిన పరిశోధనలు రోగనిరోధక శక్తిని నడిపించే కొన్ని జన్యువులకూ ఈ జబ్బుకూ సంబంధం ఉన్నదని చూపించాయి.

మొదట ఒక గోరు ఊడుతుంది. ఎక్కడో తగిలిందనుకుంటారు, అలా అనుకోవడంలో తప్పు కూడా లేదు. రెండు వారాలకు వేరే పాదంలో మరొకటి మొదలు దగ్గర విడివడి, కింద రసి చేరి ఊడుతుంది. కుక్క కుంటుతుంది, పాదాలు నాకుతుంది, గచ్చు మీద రక్తపు చుక్కలు కనిపిస్తాయి. కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లోపు దాదాపు అన్ని గోళ్లూ ఊడిపోతాయి. కొత్తగా వచ్చేవి పొట్టిగా, పెళుసుగా, వంకరగా వచ్చి మళ్లీ విరుగుతాయి. ఒకటి తర్వాత ఒకటి ఊడుతున్నప్పుడు ఒక్కొక్కదానికీ విడిగా కట్టు కట్టించుకుంటూ, ఒక్కోసారి ఒక్కో ఆసుపత్రికి వెళుతూ ఉంటే ఎవరికీ మొత్తం చిత్రం కనబడదు. రెండో గోరు ఊడగానే నాలుగు పాదాలనూ తిప్పి చూడమని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఈ జబ్బును నిర్ధారించడానికి ఒకప్పుడు డ్యూ క్లాను చివరి ఎముకతో సహా తీసి పరీక్షకు పంపేవారు. తర్వాతి కాలంలో ఎముక తీయకుండా గోటి పక్క నుంచి చిన్న ముక్క సేకరించే పద్ధతి వచ్చింది. వయసు, జాతి, ఊడుతున్న తీరు అన్నీ సరిపోయినప్పుడు చీమునూ శిలీంధ్రాన్నీ పరీక్షించి, ఇతర కారణాలు లేవని తేల్చుకుని బయాప్సీ లేకుండానే వైద్యం మొదలుపెట్టేవారూ ఉన్నారు. చేపనూనెలోని ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలు, విటమిన్ ఇ, డాక్సీసైక్లిన్‌తో పాటు నియాసినమైడ్, కొన్నింటికి పెంటాక్సిఫిల్లిన్. తీవ్రంగా ఉన్నప్పుడు ప్రెడ్నిసొలోన్, సైక్లోస్పోరిన్. మందుల జాబితా కంటే ముఖ్యమైనది కాలం. ఇప్పటికే దెబ్బతిన్న గోరు బాగుపడదు. మొదలు నుంచి కొత్తగా వచ్చే గోటిలోనే మందు ఫలితం కనబడుతుంది. కాబట్టి మూడు, నాలుగు నెలలు వాడితే గానీ మందు పనిచేస్తున్నదో లేదో చెప్పలేం. నెల తిరక్కుండానే "గుణం లేదండీ" అని మందు మార్చుకుంటూపోవడం వల్ల చెడిపోయిన కేసులే ఎక్కువ. చాలా కుక్కలకు ఏదో ఒక మోతాదులో జీవితాంతం మందు సాగుతుంది. గోళ్లను పొట్టిగా ఉంచుతూపోవాలి. అన్నీ కుదిరితే కుక్క నొప్పి లేకుండా తిరుగుతుంది, గోళ్లు మాత్రం కాస్త వంకరగానే ఉంటాయి. ఆ వంకర చూసి దిగులు పడనక్కరలేదు.

ఇంటి వైద్యం గురించి రెండు మాటలు చెప్పాలి. మన ఇళ్లలో ఒళ్లునొప్పులకు వేసుకునే డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ బిళ్లలు కుక్కకు వేయకండి. కడుపులో పుండ్లు పడి రక్తవాంతులవుతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఫినాయిలు, కిరోసిన్ గాయం మీద పోయకండి. పసుపు వల్ల పెద్ద కీడు లేదు గానీ అది గాయం రంగును కప్పేస్తుంది, మాకు చూసేందుకు ఏమీ మిగలదు. పోవిడోన్ అయోడిన్‌ను పలుచని టీ రంగు వచ్చేదాకా నీళ్లలో కలిపి కడిగితే చాలు.

గోటి పని చేస్తున్నప్పుడు మీకు గీరుకుంటే ఏం చేయాలన్నది కూడా ఇక్కడే చెబుతాను, ఎందుకంటే కుక్క తన పాదాలను తానే నాకుతుంది, రేబిస్‌ను మోసే లాలాజలం గోళ్లకు అంటి ఉండవచ్చు. రేబిస్ ముప్పును ప్రపంచ ఆరోగ్య సంస్థ విడగొట్టిన మూడు తరగతుల్లో రక్తం రాని చిన్న గీత కూడా రెండో తరగతి కిందికే వస్తుంది. సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, రేబిస్ టీకా కోసం డాక్టరును కలవాలి. రక్తం వచ్చిందంటే మూడో తరగతి, టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ (సిద్ధంగా ఉన్న ప్రతిరక్షకాల సూది) కూడా అవసరమవుతుంది. మీ కుక్కకు టీకాలు సక్రమంగా పడి ఉంటే ఆ కాగితం వెంట తీసుకెళ్లండి, నిర్ణయం డాక్టరుకు వదిలేయండి.

చివరిగా, గోటి సమస్యతో ఆసుపత్రికి వచ్చేటప్పుడు ఊడిన గోరు దొరికితే ఒక పొడి కవరులో వేసి తీసుకురండి. ఏ పాదంలో, ఏ వేలికి, ఏ తేదీన మొదలైందో రాసుకోండి. నాలుగు పాదాలకూ వెలుతురులో ఫోన్‌తో ఫోటోలు తీయండి, ముఖ్యంగా బాగున్నాయనుకున్న పాదాలకు. అంతకుముందు వాడిన మందుల చీటీలు పారేయకండి. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలోని బోధనాసుపత్రులకు పంపవలసిన కేసులు కొన్ని ఉంటాయి. అక్కడి వైద్యులు కూడా ముందుగా అడిగేది ఈ వివరాలే.

ఇక మీ సందేహాలు అడగండి. కుక్కలను వెంట తెచ్చుకున్నవారు ముందు వరసలోకి రావచ్చు.